ఫంకో పాప్ బొమ్మలు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? డబ్బా విప్పాలా, వద్దా?

మీరు మూడు సంగతులు అడిగారు. చిన్నప్పటి కార్టూన్ల ఫంకో పాప్ బొమ్మలు (అమెరికా కంపెనీ ఫంకో చేసే, పెద్ద తలల చిన్న ప్లాస్టిక్ బొమ్మలు) కూడబెట్టాలంటే ఏవి ముందు కొనాలి, హైదరాబాద్‌లో పై అంతస్తు గదిలో పెట్టుకోవడానికి డబ్బా విప్పొచ్చా, పదేళ్లు పోయాక మంచి ధర వస్తుందా అని. ముందు మూడోదానికి జవాబు చెబుతాను. అది తేలితే మిగతావి సులువు.

డబ్బు కోసమైతే మొదలుపెట్టకండి. 2023 మొదట్లో గోదాముల్లో సరుకు పేరుకుపోయి, 3 కోట్ల నుంచి 3.6 కోట్ల డాలర్ల విలువైన సరుకును పారేయబోతున్నామని ఫంకో కంపెనీయే ప్రకటించింది. అంత ఎక్కువగా తయారయ్యే వస్తువుకు కొరత రావడం కష్టం. ధర పలికేవి లేకపోలేదు. అదే బొమ్మలో కాస్త తేడాతో ఆరింటిలో ఒకటి చొప్పున వచ్చే ‘చేజ్’ బొమ్మలు, కామిక్ కాన్ అనే కామిక్స్ అభిమానుల వేడుకలో మాత్రమే అమ్మినవి, తయారీ ఆపేసిన ‘వాల్టెడ్’ బొమ్మలు అలాంటివే. కానీ వాటి వెంటపడ్డవాళ్లు క్రమంగా పాత్రను వదిలేసి, ఇది అరుదైనదని చెప్పే డబ్బా మీది స్టిక్కర్‌ను చూసి కొంటారు. అలా నిండిన అలమరాలు నేను చూశాను. ఆ మనిషికి ఏ కార్టూన్ అంటే ప్రాణమో వాటిని చూస్తే తెలియదు.

నేను సియాటిల్ దగ్గర ఉంటాను. ఫంకో పుట్టింది ఈ చుట్టుపక్కలే. 1998లో స్నోహోమిష్‌లో మైక్ బెకర్ మొదలుపెట్టాడు. పాప్ బొమ్మలు 2010లో వచ్చాయి. ఎవరెట్‌లో 2017లో తెరిచిన వాళ్ల షాపులో అడుగుపెడితే ఏది తీసుకోవాలో తోచదు, అన్నీ కావాలనిపిస్తుంది. అందుకే నాకు నేనే ఒక హద్దు పెట్టుకున్నాను. మా ఊరికి కేబుల్ వచ్చాక బడి నుంచి రాగానే కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసినవి తప్ప వేరేవి కొనను. డెక్స్‌టర్, కరేజ్, జానీ బ్రావో, పవర్‌పఫ్ గర్ల్స్, స్కూబీ డూ బృందం. మీరూ అలాంటి హద్దు ఏదో ఒకటి పెట్టుకోండి.

కొనే ముందు ఈ బొమ్మ తీరు తెలుసుకోండి. నాలుగంగుళాలకు కాస్త తక్కువ ఎత్తు, ఒంటికి మించిన తల, గుండ్రటి నల్ల కళ్లు. చాలావాటికి నోరే ఉండదు. అంటే పాత్ర మొత్తం జుట్టులో, బట్టల్లో, ముక్కులో పలకాలి. స్కూబీ డూ బృందంలోని వెల్మాను చేతిలోకి తీసుకుని చూడండి. నారింజ రంగు స్వెటరు, నల్ల కళ్లజోడు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, అంతే. అయినా కళ్లజోడు జారిపోయి నేలంతా తడుముకునే ఆ పిల్లే కళ్ల ముందుకొస్తుంది. అందరూ ఇంత బాగా ఒదగరు. జానీ బ్రావో అందమంతా ఆ వెడల్పాటి ఛాతీ, సన్నటి కాళ్లలోనే ఉంది. తల పెంచి ఒళ్లు కుదిస్తే అందులో సగం పోయినట్టే. పేరు చూసి కాకుండా, ఈ మూసలో ఆ పాత్ర నిలబడిందా లేదా చూసి తీసుకోండి.

డబ్బా విప్పమనే నా సలహా. ప్లాస్టిక్ కిటికీ వెనక ఉంచితే బొమ్మకు వెనకవైపు ఏముందో కూడా చూడలేం. మా ఇంట్లో దసరా కొలువులో కొండపల్లి బొమ్మల కింది మెట్టు వీటిదే, పిల్లలే సర్దుతారు. డబ్బాల్లో ఉంటే ఆ ముచ్చట తీరదు.

విప్పే ముందు మాత్రం డబ్బా అడుగు చూడండి. అసలుదైతే అక్కడ తయారీ కోడ్ ముద్ర ఉంటుంది, బొమ్మ పాదం కిందో మెడ దగ్గరో కూడా ఒక కోడ్ ఉంటుంది. డబ్బా మీద అక్షరాలు మసకగా ఉన్నా, కళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నా అనుమానించాల్సిందే. ధర కూడా ఒక గుర్తే. ఇక్కడ మామూలు బొమ్మే 12 నుంచి 15 డాలర్లు. మన దేశంలో దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కాబట్టి రెండు మూడు వందల రూపాయలకు ఎవరైనా ఇస్తానంటే అది అసలుది కాదనే అనుకోండి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలుంటే వాళ్లతో తెప్పించుకోండి. డబ్బా సూట్‌కేసులో నలిగినా, మీరు విప్పేవాళ్లే కాబట్టి బెంగ లేదు.

పై అంతస్తు అన్నారు కాబట్టి ఎండ సంగతి కూడా చెబుతాను. ఇవి వినైల్ అనే ఒక రకం ప్లాస్టిక్ బొమ్మలు, వేడికి మెత్తబడతాయి. తల బరువుకు కాళ్లు వంగి బొమ్మ ముందుకు వాలిపోతుంది. అలా అయితే కాళ్ల వరకు వేడినీళ్లలో కాసేపు ముంచి, నిటారుగా సరిచేసి, ఆ పట్టు వదలకుండానే చన్నీళ్లలో పెట్టండి, గట్టిపడుతుంది. రంగు వెలిస్తే మాత్రం తిరిగి రాదు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు అలమర వద్దు.

మీరు ఏ కార్టూన్లు చూస్తూ పెరిగారో రాయలేదు. రాస్తే వాటిలో ఏ బొమ్మ బాగా కుదిరిందో, దేన్ని వదిలేయొచ్చో నాకు తెలిసినంతవరకు చెబుతాను.