ఉమ్మడి సర్వర్‌లో /టీఎంపీ లేబుళ్లు: కొత్త అడ్మిన్‌కు ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

పదిమంది లాగిన్ అయ్యే సర్వర్ నీ చేతికి వస్తోందంటే, ముందు చూడవలసింది /టీఎంపీ, అంటే తాత్కాలిక ఫైళ్లు పెట్టే డైరెక్టరీ. మిగతా డైరెక్టరీలు చాలావరకు ఎవరివి వాళ్లవి, ఇది మాత్రం అందరిదీ. రూట్‌గా నడిచే డీమన్ (వెనకాల నడిచే సర్వీసు), వెబ్ సర్వర్, నిన్న చేరిన యూజరు అందరూ అక్కడే రాస్తారు. నేను చెప్పేది ఎస్‌ఈలినక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో ఉన్న లినక్స్ గురించి. ఎస్‌ఈలినక్స్ అంటే ప్రతి ఫైలుకూ, ప్రాసెస్‌కూ లేబుల్ వేసి, పాలసీ అనే నియమాల ప్రకారం అనుమతులిచ్చే రక్షణ; ఎన్‌ఫోర్సింగ్ అంటే ఆ నియమాలు అమల్లో ఉండటం.

ఎల్ఎస్‌కు -ఎల్, -డి, పెద్ద జెడ్ ఇచ్చి /టీఎంపీని చూడు. పర్మిషన్ల వరుస చివర చిన్న టి, దాని పక్కన ఒక చుక్క కనబడాలి. చిన్న టి అంటే స్టికీ బిట్ ఉందని, మోడ్ 1777 అని. దీనివల్ల ఒకరి ఫైలును ఇంకొకరు చెరపలేరు, పేరు మార్చలేరు. అక్కడ పెద్ద టి కనబడితే స్టికీ ఉంది కానీ ఇతరులకు లోపలికి వెళ్లే హక్కు పోయిందని అర్థం. చుక్క సెక్యూరిటీ లేబుల్ ఉందని చెబుతుంది. లేబుల్‌లో మూడో భాగం, అంటే టైపు, టీఎంపీ_టీ అయి ఉండాలి. /వార్/టీఎంపీకీ అదే.

లేబుల్ ఫైలు పుట్టినచోటే పడుతుంది, ఆ తర్వాత ఫైలుతోపాటే తిరుగుతుంది. ఇది మనసులో పెట్టుకుంటే సగం తలనొప్పులు తగ్గుతాయి. మామూలుగా కొత్త ఫైలుకు అది పుట్టిన డైరెక్టరీ టైపే వస్తుంది. /టీఎంపీలో మాత్రం పాలసీలోని ట్రాన్సిషన్ రూల్స్ (రాసిన ప్రాసెస్‌ను బట్టి టైపు ఇచ్చేవి) పనిచేస్తాయి: లాగిన్ యూజరు రాస్తే యూజర్_టీఎంపీ_టీ, వెబ్ సర్వర్ రాస్తే హెచ్‌టీటీపీడీ_టీఎంపీ_టీ. ఒకే డైరెక్టరీలో ఉన్నా ఒక డీమన్ ఇంకొకదాని ఫైలు జోలికి పోకుండా ఆపేది ఈ తేడాయే.

ఇప్పుడు ఎక్కువగా తగిలే దెబ్బ చూడు. ఎవరో /టీఎంపీలో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ తయారుచేసి, ఎంవీతో వెబ్ డైరెక్టరీలోకి జరుపుతారు. మోడ్ 644, ఓనర్ సరే, అయినా బ్రౌజర్‌లో 403 (అనుమతి లేదు). ఆడిట్ లాగ్‌ను వెతికే ఏయూసెర్చ్‌కు -ఎం ఏవీసీ (ఎస్‌ఈలినక్స్ తిరస్కరణలు), -టీఎస్ రీసెంట్ ఇచ్చి చూస్తే ఒక వరుస దొరుకుతుంది: డినైడ్, బ్రాకెట్లలో రీడ్, సోర్స్‌లో హెచ్‌టీటీపీడీ_టీ, టార్గెట్‌లో యూజర్_టీఎంపీ_టీ. ఎంవీ పాత లేబుల్‌ను వెంట తీసుకుపోయింది. సీపీతో నకలు తీసి ఉంటే కొత్త ఫైలు అక్కడే పుట్టి అక్కడి లేబుల్ తెచ్చుకునేది. (సీపీకి -ఎ ఇస్తే మళ్లీ పాత లేబులే వస్తుంది, జాగ్రత్త.) జరిగిపోయిన ఫైలుకు రీస్టోర్‌కాన్ -వి చాలు, అది పాలసీ ప్రకారం ఉండాల్సిన లేబుల్‌ను తిరిగి వేస్తుంది. ఇకముందు జరపాల్సి వస్తే ఎంవీకి పెద్ద జెడ్ ఇవ్వు.

ఈ సందర్భంలో ఆడిట్2అలౌ (తిరస్కరణ లాగ్ చూసి అనుమతి రూల్ రాసిచ్చే కమాండ్) జోలికి మాత్రం పోవద్దు. అది రాసిచ్చే రూల్ వెబ్ సర్వర్‌కు ఆ ఒక్క ఫైలునే కాదు, యూజర్_టీఎంపీ_టీ లేబుల్ ఉన్న ప్రతి ఫైలునూ తెరిచి పెడుతుంది. అందరి తాత్కాలిక ఫైళ్లూ ఒక్క రూల్‌తో బయటపడతాయి.

ఇంకొక సంగతి చాలామందిని తికమక పెడుతుంది. /టీఎంపీ మీద రీస్టోర్‌కాన్ -ఆర్ నడిపినా లోపలి ఫైళ్ల లేబుళ్లు మారవు. పాలసీ ఫైల్ కాంటెక్స్ట్‌లలో (ఏ దారికి ఏ లేబుల్ అన్న పట్టికలో) /టీఎంపీ లోపలివాటికి 'నన్', అంటే ఏ లేబులూ వేయవద్దు, అని రాసి ఉంటుంది, కావాలనే అలా రాశారు. అక్కడి ఫైలు ఎవరిదో పేరును బట్టి చెప్పలేం, రాసిన ప్రాసెస్‌ను బట్టే తెలుస్తుంది. కాబట్టి అక్కడి లేబుల్ తప్పుగా ఉంటే ఆ ఫైలు తీసేసి, సర్వీసును సిస్టమ్‌సీటీఎల్‌తో రీస్టార్ట్ చేసి, దానంతట దాన్నే మళ్లీ రాయనివ్వు. చేత్తో సీహెచ్‌కాన్ (లేబుల్ మార్చే కమాండ్) కొట్టడం మానుకో.

తాత్కాలిక డైరెక్టరీని వేరే డిస్క్ మీదికి, ఉదాహరణకు /డేటా/టీఎంపీకి మార్చాలంటే డైరెక్టరీ చేసి మోడ్ 1777 ఇవ్వు. తర్వాత సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌కు -ఎ -ఇ ఇచ్చి, /టీఎంపీ ముందు, /డేటా/టీఎంపీ తర్వాత రాయి. దానికి /టీఎంపీ నియమాలే వర్తిస్తాయి. చివర దాని మీద రీస్టోర్‌కాన్. టీఎంపీఎఫ్‌ఎస్‌ను (మెమరీలో ఉండే ఫైల్‌సిస్టమ్‌ను) నువ్వే చేత్తో మౌంట్ చేస్తే దాని మొదలు డైరెక్టరీకి టీఎంపీఎఫ్‌ఎస్_టీ లేబుల్ పడి డీమన్లు అడ్డం తిరుగుతాయి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (మౌంట్ల జాబితా ఫైలులో) రూట్‌కాంటెక్స్ట్ ఆప్షన్‌తో టీఎంపీ_టీ ఇవ్వు. ఉత్త కాంటెక్స్ట్ ఆప్షన్ ఇస్తే లోపలి ఫైళ్లన్నిటికీ ఒకే లేబుల్ పడి, పైన చెప్పిన వేరుచేత మొత్తం పోతుంది.

లేబుల్ డీమన్లను విడదీస్తుంది కానీ ఇద్దరు మామూలు యూజర్లను విడదీయదు, ఇద్దరిదీ యూజర్_టీఎంపీ_టీయే. వాళ్లను వేరుచేయాలంటే పామ్_నేమ్‌స్పేస్ వాడు; లాగిన్‌లను చూసుకునే పామ్ వ్యవస్థలో అదొక మాడ్యూల్. అప్పుడు ప్రతి యూజరుకూ సొంత /టీఎంపీ కనబడుతుంది.

ముందుగా /టీఎంపీ-ఇన్‌స్ట్ డైరెక్టరీ చెయ్యి. ఓనర్ రూట్, మోడ్ 000, దాని మీద రీస్టోర్‌కాన్. మోడ్ 000 కాకపోతే మాడ్యూల్ ఒప్పుకోదు. తర్వాత /ఈటీసీ/సెక్యూరిటీ/నేమ్‌స్పేస్.కాన్ఫ్‌లో ఒక వరుస: /టీఎంపీ, /టీఎంపీ-ఇన్‌స్ట్/ (చివరి స్లాష్ వదలకు), పద్ధతి, మినహాయించే యూజర్లు. టార్గెటెడ్ (మామూలుగా ఉండే) పాలసీకి 'యూజర్' పద్ధతి సరిపోతుంది. ఎంఎల్‌ఎస్ (రహస్య స్థాయిల) పాలసీ ఉంటే 'లెవెల్' పెట్టు, అది యూజరుతోపాటు సెక్యూరిటీ స్థాయిని కూడా చూస్తుంది. మినహాయింపులో రూట్ తప్పకుండా ఉండాలి. సెట్‌సీబూల్ -పెద్ద పీతో పాలీఇన్‌స్టాన్షియేషన్_ఎనేబుల్డ్ అనే పాలసీ స్విచ్ ఆన్ చెయ్యి. చివరగా పామ్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ, లాగిన్ ఫైళ్లలో పామ్_నేమ్‌స్పేస్‌కు సెషన్ రిక్వయిర్డ్ వరుస చేర్చు.

ఆ వరుస చేర్చేముందు వేరే విండోలో రూట్ సెషన్ ఒకటి తెరిచి ఉంచు. పని ముగిసేదాకా మూయకు. 'రిక్వయిర్డ్' అంటే డైరెక్టరీ మోడ్‌లో చిన్న పొరపాటున్నా యూజర్ల లాగిన్ ఆగిపోతుంది. సరిచూడటానికి ఇద్దరు యూజర్లుగా లాగిన్ అయి, ఒకరిగా /టీఎంపీలో ఫైలు రాయి. రెండోవాళ్లకు అది కనబడకూడదు. ఫైండ్‌మౌంట్ /టీఎంపీ అంటే మౌంట్ మూలంగా /టీఎంపీ-ఇన్‌స్ట్ దారి కనబడాలి.

దీంతో రెండు పనులు మిగులుతాయి. సిస్టమ్‌డీ మామూలుగా /టీఎంపీలో 10 రోజులు, /వార్/టీఎంపీలో 30 రోజులు దాటిన ఫైళ్లను తీసేస్తుంది. /టీఎంపీ-ఇన్‌స్ట్ ఆ లెక్కలో లేదు, వదిలేస్తే డిస్క్ నిండుతుంది. టీఎంపీఫైల్స్.డీలో (ఆ శుభ్రత నియమాలుండే డైరెక్టరీలో) 'ఇ' రకం వరుసతో /టీఎంపీ-ఇన్‌స్ట్/ పక్కన నక్షత్రం పెట్టి, 10డీ ఇవ్వు. 'ఇ' లోపలి ఫైళ్లనే తీస్తుంది, యూజరు డైరెక్టరీని ముట్టదు. డైరెక్టరీ పోతే లాగిన్‌లో ఉన్నవాళ్లు /టీఎంపీలో ఏమీ రాయలేరు.

రెండోది క్రాన్, అంటే వేళకు పనులు నడిపే సర్వీసు. పామ్‌లో క్రాన్‌డీ ఫైలుకు ఆ వరుస చేర్చకపోతే, యూజరు పగలు తన /టీఎంపీలో రాసిన ఫైలు రాత్రి అతని క్రాన్ జాబ్‌కు దొరకదు. 'ఫైలు లేదు' అన్న ఎర్రర్ వస్తుందే తప్ప ఏవీసీ లాగ్‌లో ఒక్క వరుస కూడా పడదు. ఇది లేబుల్ తగాదా కాదు మరి. ఆ ఎర్రర్ చూడగానే క్రాన్‌డీ ఫైలు తెరిచి చూసుకో.