అంతరించిన అడవి ఎద్దును తిరిగి తెచ్చే పని: ఏం చదవాలి, ఉద్యోగం ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి జీవశాస్త్రం చదువుతున్నాడు. పెంపుడు పశువులకు మూలమైన ఆరాక్స్ అనే అడవి జాతిని మళ్లీ పుట్టించే పనిలో చేరతానని పట్టుబడుతున్నాడు. అందుకు ఏ చదువు కావాలి? దాన్ని నమ్ముకుని బతకగలడా?

జవాబు: అతడు ప్రయోగశాలలో క్లోనింగ్ చేయడాన్ని ఊహించుకుంటున్నట్లయితే, ముందుగా ఆ అపోహ తొలగాలి. చివరి ఆరాక్స్ 1627లో పోలండ్‌లోని యాక్టొరూవ్ అడవిలో చనిపోయింది. క్లోనింగ్‌కు పనికివచ్చే కణాలేవీ మిగలలేదు. బ్రిటన్‌లో దొరికిన సుమారు 6,750 ఏళ్ల నాటి ఎముక నుంచి సేకరించిన జన్యుక్రమం 2015లో వెలువడింది గానీ, దాని నుంచి దూడను పుట్టించడం ఇప్పటికి సాధ్యం కాదు. అందుకే నెదర్లాండ్స్‌లో 2008లో మొదలైన టౌరోస్ కార్యక్రమం, పాత లక్షణాలు ఇంకా నిలిచి ఉన్న ఇటలీ మారెమ్మానా, స్పెయిన్ సయాగేసా, పోర్చుగల్ మరోనేసా వంటి జాతులను సంకరపరచి, ఆ పోలికలను తరతరానికీ ఒక్కచోటికి చేరుస్తోంది.

ఈ పనికి ఓపిక చాలా కావాలి. ఆరాక్స్ కోడెకు నల్లని ఒళ్లు, వెన్ను వెంట లేత చార, ముట్టె చుట్టూ తెల్లని వలయం, ముందుకు వంగిన కొమ్ములు ఉండేవి. అయితే దూడలు ఎర్రగా పుట్టి తరవాత నల్లబడతాయి, కొమ్ముల తీరు తేలడానికి ఏళ్లు పడుతుంది, కనుక ఏ కోడెను మందలో ఉంచాలో వెంటనే నిర్ణయించలేరు. పైగా చూపును మాత్రమే నమ్మితే చాలదు. 1920లలో జర్మనీలో హెక్ సోదరులు ప్రధానంగా రూపాన్ని చూసి తయారుచేసిన పశువులు ఆరాక్స్ కంటే చాలా చిన్నవిగా మిగిలాయి.

చదువు విషయానికొస్తే, పశువైద్యం, పశు జన్యుశాస్త్రం, పర్యావరణ శాస్త్రం అనే మూడింటిలో ఏదైనా దారే. నా మొగ్గు పశు జన్యుశాస్త్రం వైపు; దానితో పాటు గణాంకశాస్త్రం, డేటా విశ్లేషణకు కొంత ప్రోగ్రామింగ్ తప్పనిసరి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం ఈ రంగానికి పేరుపొందినది.

ఉద్యోగాల సంగతి నిష్కర్షగా చెప్పాలి. ఆరాక్స్ పేరుతో నడిచే కార్యక్రమాలు కొన్నే, వాటిలో జీతం ఇచ్చే కొలువులు ఇంకా తక్కువ. అయితే పాడి, మాంస పశువుల జన్యు ఎంపిక, అరుదైన దేశీ జాతుల పరిరక్షణ, పచ్చికబయళ్ల నిర్వహణ వంటి రంగాలకు కావలసినవీ ఈ నైపుణ్యాలే కాబట్టి, ఆ చదువు వృథా కాదు.

సీటు కోసం దరఖాస్తు పెట్టే ముందు ఏదైనా పశువుల క్షేత్రంలో కొన్ని వారాలు పనిచేయించండి. ఈనే వేళ రాత్రంతా కనిపెట్టుకుని ఉండటం, దూడ చెవికి గుర్తు వేసి వంశావళి నమోదు చేయడం అతడికి విసుగు పుట్టిస్తే, పర్యావరణ శాస్త్రమో ప్రాచీన డీఎన్ఏ పరిశోధనో అతడికి మెరుగు.