పాత కారు పెయింట్‌కి ఇచ్చే ముందు డాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలా, టేప్ అంటించి వదిలేస్తే సరిపోతుందా?

ప్రశ్న అడిగినాయన చెన్నైలోనే ఉన్నారు, బండి వాళ్ల తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్, టింకరింగ్ అయిపోయింది, పెయింటరేమో "డాష్‌బోర్డ్ జోలికి పోకండి సార్, టేప్ వేసి కొట్టేస్తా" అంటున్నాడట. నా మాటైతే తీసేయండి బ్రదర్. కాకపోతే ఈ వారం తీయొద్దు. ముందు వైర్లకి పేర్లు పెట్టే పని పూర్తిచేసి ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి, నేను ఆ పేర్ల పని సరిగ్గా చేయక నెలల తరబడి ఏడ్చా.

మాదీ హెరాల్డే. మా మేనమామది, 1970 మోడల్, నాలుగు డోర్లది. ఈ కారు అసలు ఇంగ్లండులోని ట్రయంఫ్ కంపెనీది, వాళ్లు దీన్ని రెండు డోర్లతోనే చేశారు, నాలుగు డోర్లు పెట్టింది ఇక్కడ దీన్ని తయారుచేసిన మన మద్రాసు స్టాండర్డ్ కంపెనీ వాళ్లే, ఈ ముక్క మామయ్య వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు, ఇప్పుడు నేను చెప్తున్నా. ఆయన ఇల్లు ముడిచూర్‌లో. ఒకప్పుడు స్టాండర్డ్ ఫ్యాక్టరీ ఉన్న వండలూరు వైపుకి అక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు, అంటే బండి పుట్టింటి పక్కనే కాపురం ఉందన్నమాట. 2015 డిసెంబర్ వరదల్లో అక్కడే మునిగింది, నీళ్లు స్టీరింగ్ దాకా వచ్చి మూడు రోజులు కదల్లేదు. ఇంజన్ అయితే ఆయన అప్పుడే విప్పించి కడిగించాడు గానీ లోపలి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, పైన పట్టా కప్పేశారు, అంతే, నా చేతికొచ్చేదాకా అలాగే ఉంది.

నాకూ పెయింటర్ ఇదే చెప్పాడు. నేనూ సరే అనేశా. ఎందుకో ఒకరోజు గ్లవ్ బాక్స్ అట్ట ఊడదీసి టార్చి వేసి చూశా. వెనకాల వరద ఒండ్రు వేలు మందం ఎండిపోయి పెంకులు కట్టి ఉంది, దాన్ని గోటితో గీకితే కింద రేకు కూడా దాంతోపాటే పొరలు పొరలుగా వచ్చింది. అద్దం కింద మూలల్లో అయితే వేలు దూరేంత చిల్లు. టేప్ వేసి పైన రంగు కొట్టించుకుని ఉంటే ఏడాది తిరిగేసరికి ఆ కొత్త రంగు కిందినుంచి తుప్పు పొంగేది. మీ బండి మునగలేదు అనుకున్నా సరే, చెన్నై గాలిలో ఉప్పు ఉంది, ఎలుకలున్నాయి, అరవై ఏళ్ల కింది వైర్ల తొడుగు చేత్తో వంచితే పెళుసుగా విరుగుతుంది, అవన్నీ ఉండేది ఆ బోర్డు వెనకే. ఒక్కసారి గ్లవ్ బాక్స్ తీసి చూడండి, అప్పుడు నన్ను అడగాల్సిన పనే ఉండదు.

తీయడం అంత కష్టమేం కాదు. మొదట బ్యాటరీ విప్పండి. తాళం తిప్పలేదు కదా అనుకోవద్దు, ఈ బళ్లలో బ్రౌన్ వైరు తాళంతో పనిలేకుండా ఎప్పుడూ కరెంటుతోనే ఉంటుంది, పైగా నా హెరాల్డ్‌లో వెతికితే ఒక్క ఫ్యూజ్ కూడా లేదు, స్పానర్ తగిలితే వైరే ఫ్యూజ్ అయిపోతుంది. విప్పే ముందు బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి బిగించారో ఫోటో తీసుకోండి, ఆ కాలం బ్రిటిష్ బళ్లలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉండేవి చాలా ఉన్నాయి, మీదీ అదే అయితే తెలియక కొత్త రేడియో తగిలించారంటే పొగే.

తర్వాత నాబ్‌లు. వైపర్, లైట్, చోక్ నాబ్‌లు తీస్తే గానీ బోర్డు ముందుకి రాదు. ఇక్కడ నేనూ మా మెకానిక్కూ కలిసి రెండు రోజులు లాగాం, తిప్పాం, ప్లయర్‌కి గుడ్డ చుట్టి మరీ తిప్పాం, వైపర్ నాబ్ కాస్తా రెండు ముక్కలైంది. దాన్ని పట్టుకుని చెన్నైలో పాత బళ్ల సామాన్లు దొరికే పుదుపేట వెళ్తే ఒక పాత షాపులో పెద్దాయన ఆ ముక్క చూసి నవ్వాడు. నాబ్ మెడ దగ్గర, కింది వైపు, బియ్యపు గింజ దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది, అందులో స్ప్రింగు మీద కూర్చున్న చిన్న పుల్ల ఉంటుంది, సూదితో దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని లాగితే నాబ్ వెన్నలా వచ్చేస్తుంది, అంతే కథ. ఇంటికొచ్చి చూస్తే రంధ్రం నిండా మట్టే, అందుకే మాకు కనపడలేదు. అత్తయ్య తన గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసిచ్చింది, దాంతో గుచ్చి మట్టి తీసి నొక్కితే మిగతావన్నీ ఐదు నిమిషాల్లో వచ్చేశాయి. నాబ్ వచ్చాక స్విచ్ మెడ చుట్టూ రెండు గాట్లున్న రింగు నట్ కనిపిస్తుంది, ముక్కు ప్లయర్ రెండు కొనలూ ఆ గాట్లలో పెట్టి నిదానంగా తిప్పండి, జారితే బోర్డు మీద గీత పడుద్ది.

మీటర్లు వెనకనుంచి బిగించి ఉంటాయి, వంతెనలాంటి చిన్న బ్రాకెట్, దాని మీద చేత్తో తిప్పే గరుకు నట్లు. స్పీడోమీటర్ కేబుల్‌కీ అలాంటి గరుకు కాలరే. స్టీరింగ్ వీల్ తీసేస్తే చెయ్యి బాగా దూరుద్ది, కాకపోతే వీల్‌కీ రాడ్‌కీ కలిపి ఒక గుర్తు కొట్టుకున్నాకే తీయండి, లేకపోతే రేపు బండి తిన్నగా పోతుంటే వీల్ వంకరగా ఉంటుంది. స్పానర్ల సంగతి, ఇవి మిల్లీమీటర్ నట్లు కావు, అర ఇంచు నట్ మీద 13 వేస్తే జారి తల గుండ్రం చేసేస్తుంది, 7/16 మీద 11 అసలు ఎక్కదు. ఇంచుల సెట్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. బోర్డు స్క్రూలు ఎన్ని, ఎక్కడ అని లెక్క చెప్పను, మోడల్‌ని బట్టి మారతాయి, పైగా ఇన్నేళ్లలో ఎవరెవరో తమకి తోచిన చోట తలా ఒకటి బిగించి ఉంటారు. కదలట్లేదు అంటే ఇంకో స్క్రూ ఉన్నట్టే, లాగొద్దు, వేలితో తడిమి వెతకండి.

ఇక అసలు బాధ. నేను వైర్లకి లేబుళ్లు పెట్టకుండా ఏం తీయలేదు. మాస్కింగ్ టేప్ చుట్టి బాల్‌పెన్‌తో నీటుగా రాశా, ఫోటోలు తీశా, చాలా తెలివైన పని చేశానని అనుకున్నా కూడా. బండేమో రేకుల షెడ్డులో, రెండు నెలల్లో అవుద్దన్న పని ఎనిమిది నెలలు పట్టింది, మధ్యలో ఏప్రిల్, మే వచ్చాయి. ఆ వేడికి టేప్ జిగురు కరిగిపోయి లేబుళ్లన్నీ రాలి ఫ్లోర్ మీద పడ్డాయి, అంటుకుని ఉన్నవాటి మీద సిరా పాకి ఏం రాశానో నాకే అర్థంకాలేదు. పోనీలే రంగులున్నాయి కదా అనుకున్నా. ఆ కాలం బ్రిటిష్ బళ్లకి కరెంటు సామాన్లు చేసిన లూకాస్ కంపెనీ పద్ధతిలో బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ తాళం తిప్పాక పనిచేసేవి, ఎరుపు పార్కింగ్ లైట్లు, నీలం హెడ్‌లైట్, నలుపు ఎర్త్, చక్కగా లెక్క ఉంది. కానీ మా మామయ్య బండికి ఎప్పుడో ఒక ఎలక్ట్రీషియన్ సగం వైరింగ్ మార్చాడు, ఆయన దగ్గర ఆ రోజు ఉన్నది ఎర్ర వైరు చుట్ట ఒక్కటే అనుకుంటా, అన్నీ ఎరుపే! ఫోటోల్లో చూస్తే ఎర్ర సేమ్యా గిన్నెలా ఉంది.

చివరికి ముప్పై ఎనిమిది కొసలు ఒక్కోటీ మల్టీమీటర్‌తో వెతికాం. మామయ్య వెనక డిక్కీ దగ్గర స్టూలేసుకుని కూర్చుని వైరు కొస బాడీకి ఆనిస్తాడు, నేను ముందు కూర్చుని బీప్ వచ్చేదాకా ఒక్కో కొసా తాకిస్తా, "వచ్చిందా" "రాలా" "ఇప్పుడో" "రాలా మామా", ఇలా మూడు ఆదివారాలు. అయినా ఒకటి తప్పు పడింది, బ్రేక్ తొక్కితే మీటర్ లైటు వెలిగేది.

కాబట్టి టేప్ వద్దు. బట్టల షాపులో ధర చీటీలు వస్తాయి చూడండి, దారం ఉన్న అట్ట ముక్కలు, అవి వంద కొనుక్కుని దారంతో ముడేసి కట్టండి, లాండ్రీ వాళ్లు బట్టలకి గుర్తు కట్టినట్టు. రాసేది పెన్సిల్‌తో రాయండి, పెన్సిల్ చెమటకి పాకదు, ఎండకి పోదు. వైరు రంగు రాయొద్దు, అది ఎక్కడ తగులుకుని ఉందో రాయండి, "ఫ్యూయల్ గేజ్, ఎడమ పిన్" ఇలా. ఒక చోట రెండు వైర్లుంటే రెండిటికీ ఒకే నంబర్. ఏ వైరూ కోయొద్దు, మీ ఎలక్ట్రీషియన్ "తర్వాత జాయింట్ వేద్దాం సార్" అంటే చేతిలో కటింగ్ ప్లయర్ లాగేసుకోండి.

బోర్డు సంగతి కొంచెం. నాది నీళ్లలో నాని ఉబ్బిపోయింది, కొత్తది చేయించాల్సి వచ్చింది. పాతది ఎంత పాడైనా పారేయకండి, దాన్నే ప్లైవుడ్ మీద పరిచి గీత గీయించండి. మా కార్పెంటర్ మీటర్ రంధ్రాలు సరిగ్గా కొలతకి కోశాడు, మంచి పనివాడే, కానీ నాలుగు చేతులు పాలిష్ పడేసరికి రంధ్రం లోపలి అంచు మందమై మీటర్ దూరలేదు, మళ్లీ ఉప్పుకాగితంతో అరగదీసి ఆ అంచుకి మళ్లీ పాలిష్. ఒక మిల్లీమీటర్ వదులుగా కోయమని ముందే చెప్పండి, బయటికి కనపడదు, మీటర్ రింగు కప్పేస్తుంది.

బోర్డు బయట ఉన్నప్పుడే చేసేయాల్సినవి: ఇంజన్ వైపు గోడలోంచి వైర్లు వచ్చే చోట రబ్బర్ గ్రోమెట్లు, అంటే రేకు అంచు వైరుని కోయకుండా రంధ్రంలో పెట్టే రింగులు, మార్చండి, వైపర్ గేర్లకి గ్రీజు పెట్టండి, ఎర్త్ పాయింట్లు చిలుము పట్టి పచ్చగా ఉంటాయి, రేకు మెరిసేదాకా గీకి బిగించండి. స్పీడో కేబుల్‌కి నూనె రాస్తే మీటర్ వైపు పై కొస మాత్రం పొడిగా వదిలేయండి, లేకపోతే నూనె పైకి పాకి మీటర్‌లోకి పోతుంది. పెట్రోల్ ముల్లు ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంటే గేజ్ మార్చేయకండి, వెనకాల చిన్న రేకు డబ్బాలాంటి వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటే దాని ఎర్త్ చూడండి, గేజ్‌కి సగటున 10 వోల్టులే ఇవ్వాల్సింది ఎర్త్ పోతే పూర్తి 12 పంపిస్తుంది. నేను ఇది తెలియక ఉత్తపుణ్యానికి రెండు వేలు పెట్టి ఇంకో గేజ్ కొన్నా, అదీ అలాగే చూపించింది.

మీ బండిలో వైపర్ స్విచ్ లాగేదా తిప్పేదా, ఫోటో పెట్టండి. నా రకమే అయితే విరిగిన నాబ్‌కి బదులుగా కొన్నప్పుడు జత వచ్చింది, ఒకటి మిగిలే ఉంది, ముడిచూర్ వైపు వస్తే తీసుకోండి.