ఫార్వర్డ్ కాంట్రాక్టుకు ఎల్‌ఈఐ నంబరు ఎందుకు?

ముప్పై ఏళ్లు బ్యాంకు ట్రెజరీలో, అందులో ఎక్కువ కాలం ఫారెక్స్ డీలింగ్ రూమ్‌లో పనిచేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబు రాస్తున్నాను. మొదటిది చాలామంది ఎగుమతిదారులకు పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్రశ్న: మా నాన్నగారు, బాబాయి కలిసి అమెరికాకు రొయ్యలు ఎగుమతి చేస్తారు. లెక్కలు నేను చూస్తాను. డాలర్ రేటు పడిపోతుందేమోనన్న టెన్షన్‌తో మూడు నెలల తర్వాతి రేటును ఇప్పుడే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కాంట్రాక్టు బుక్ చేద్దామని వెళ్తే, బ్యాంకువాళ్లు ఎల్‌ఈఐ నంబరు తెమ్మన్నారు. మా కాంట్రాక్టు వివరాలు ఎక్కడికో రిపోర్టు కూడా చేస్తారట. ఇది మాకూ బ్యాంకుకూ మధ్య ఒప్పందం. మూడో మనిషికి ఎందుకు తెలియాలి?
– ఒక పాఠకురాలు, భీమవరం

అమ్మా, ఎల్‌ఈఐ అంటే లీగల్ ఎంటిటీ ఐడెంటిఫయర్, అక్షరాలు, అంకెలు కలిపి 20 ఉండే ఒక గుర్తింపు. మీ సంస్థకు ఇక్కడ పాన్ ఎలాగో, ప్రపంచమంతటా ఇది అలాగ. మన దేశంలో సీసీఐఎల్ (క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) అనుబంధ సంస్థ ఇస్తుంది, ఏటా రెన్యూ చేయించుకోవాలి. 2017 నుంచి రిజర్వ్ బ్యాంకు దశలవారీగా దీన్ని తప్పనిసరి చేసింది. మీరు బుక్ చేసే ఫార్వర్డ్ ఏ ఎక్స్ఛేంజీలోనూ జరగదు, మీరూ బ్యాంకూ నేరుగా రాసుకుంటారు. ఇలాంటి వాటినే ఓవర్ ది కౌంటర్, అంటే ఓటీసీ డెరివేటివ్స్ అంటారు. డెరివేటివ్ అంటే డాలర్, వడ్డీ, షేరు లాంటి ఇంకోదాని ధరను బట్టి విలువ మారే ఒప్పందం.

మూడో మనిషికి ఎందుకు తెలియాలన్న ప్రశ్నకు నేను కళ్లారా చూసిన ఒకటి చెబుతాను. 2007లో రూపాయి బలపడింది. ఏడాది మొదట్లో డాలర్‌కు 44 రూపాయలు వచ్చేవి, చివరికి 39 అయ్యాయి. ఎగుమతిదారుల లాభం మొత్తం అందులోనే పోయింది. చీమకుర్తి నుంచి గ్రానైట్ పంపే ఒకాయన ఆ రోజుల్లో నా దగ్గరికి ఒక టర్మ్ షీట్, అంటే ఒప్పందం షరతులు రాసిన కాగితం తెచ్చారు. రాసినది మా బ్యాంకు కాదు, వేరేది. ‘జీరో కాస్ట్’ అన్నారట, పైసా ప్రీమియం కట్టక్కర్లేదట. ఆ సంవత్సరం మధ్యలో ఒక డాలర్‌కు 1.20 పైగా స్విస్ ఫ్రాంకులు వచ్చేవి. షీటులోని షరతు ప్రకారం అది 1.10 కిందికి రాకపోతే ఆయనకు డబ్బు వస్తుంది. వస్తే మాత్రం పెద్ద మొత్తానికి, ఆ రేటుకే ఆయన లావాదేవీ పూర్తి చేయాలి. ఆయన రాళ్లు అమ్మేది డాలర్లలో. స్విట్జర్లాండ్‌కు ఒక్క బ్లాకు కూడా పంపలేదు.

‘మీకు ఫ్రాంకులతో పనేంటండీ?’ అని అడిగాను. ‘ఇప్పటిదాకా ఎప్పుడూ అంత కిందికి పడలేదన్నారు’ అన్నారు. 2008 మార్చిలో డాలర్ ఒక్క ఫ్రాంకు కంటే కిందికి పోయింది. ఆయన మళ్లీ వచ్చినప్పుడు చేతిలో మూడు టర్మ్ షీట్లు ఉన్నాయి, మూడు వేర్వేరు బ్యాంకులవి. ఈ మనిషి మిగతా రెండు చోట్లా ఇదే పందెం కాశాడని ఏ బ్యాంకుకూ తెలియదు. తెలిసి ఉంటే మూడో బ్యాంకు రాసేది కాదని ఇప్పటికీ నమ్ముతాను. క్వారీలో పనిచేసేవాళ్ల జీతాలు ఆలస్యమయ్యాయి. ‘మాకూ బ్యాంకుకూ మధ్య’ అనుకున్న ఒప్పందం వల్ల ఆ సంతకాలతో సంబంధం లేనివాళ్ల ఇళ్లలో ఇబ్బంది వచ్చింది. నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి అదే కారణం.

ఆయన ఒక్కరే కాదు. తిరుప్పూరు బనియన్ల ఎగుమతిదారులతో సహా దేశంలో ఎన్నో సంస్థలు అప్పట్లో కోర్టులకెక్కాయి. 2011 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు 19 బ్యాంకులకు జరిమానా వేసింది. ఈ సరుకు ఈ కస్టమర్‌కు తగునా అని చూడలేదనీ, వెనక అసలు వ్యాపారం ఉందో లేదో సరిచూడలేదనీ అందులో తేలింది. జరిమానాలు 5 నుంచి 15 లక్షల రూపాయల వరకే. చాలా తక్కువని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అదే మాట.

అదే 2008లో అమెరికాలో జరిగింది ఇంకా పెద్దది. ఊళ్లో ఒక పెద్దమనిషి నలభై మంది ప్రామిసరీ నోట్లకు జామీను సంతకం పెట్టాడనుకోండి. అప్పిచ్చిన ప్రతివాడూ తన నోటు ఒక్కటే చూసుకుని ధైర్యంగా ఉంటాడు. ఏఐజీ అనే బీమా సంస్థ లండన్ కార్యాలయం నుంచి చేసింది సరిగ్గా ఇదే. ఇళ్ల అప్పులతో కట్టిన బాండ్లు మునిగితే మేం కడతామని క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్‌లు రాసింది. అవతలివాళ్లు హామీగా డబ్బు పెట్టమన్న రోజున దాని దగ్గర లేదు. సెప్టెంబరు 15న లీమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. మర్నాడే ఏఐజీకి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికి ప్రపంచంలో ఓటీసీ కాంట్రాక్టుల మీద రాసిన మొత్తం 680 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అదంతా నష్టమయ్యే సొమ్ము కాదు, లెక్క కట్టడానికి ఆధారమైన అంకె మాత్రమే. కానీ అందులో ఎవరు ఎవరికి ఎంత బాకీ పడతారో చెప్పగల పుస్తకం ఎక్కడా లేదు. ఆ వారమంతా మా డీలింగ్ రూమ్‌లో విదేశీ బ్యాంకుల లిమిట్లు, అంటే ఒక్కో బ్యాంకుతో ఎంతవరకు లావాదేవీ చేయొచ్చన్న హద్దులు, ఒక్కొక్కటే ఆపేస్తూ కూర్చున్నాం. ఎవరి దగ్గర ఏముందో తెలియనప్పుడు మంచివాడినీ నమ్మలేం.

ఈ ప్రమాదం గురించి ముందే హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. 1998లో అమెరికా ఫ్యూచర్స్ నియంత్రణ సంస్థ అధిపతి బ్రూక్స్‌లీ బోర్న్ ఈ మార్కెట్‌కు నిబంధనలు కావాలా అని బహిరంగంగా అడిగారు. అప్పటి ఫెడరల్ రిజర్వ్ అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్ లాంటి పెద్దలు అడ్డుపడ్డారు. 2000లో ఈ కాంట్రాక్టుల్లో అధిక భాగాన్ని నియంత్రణకు బయటే ఉంచుతూ చట్టం కూడా చేశారు. ఆమె మాట విని ఉంటే బాగుండేదని తలుచుకున్నప్పుడల్లా బాధ కలుగుతుంది.

2009 సెప్టెంబరులో పిట్స్‌బర్గ్‌లో జీ20 దేశాలు ఒక మాట మీదికి వచ్చాయి. ప్రతి ఓటీసీ కాంట్రాక్టూ రిపాజిటరీలో, అంటే వివరాలన్నీ ఒకచోట ఉంచే పుస్తకంలో నమోదు కావాలి. ఒకే మూసలో ఉండేవి, ఇద్దరి మధ్యా నిలబడి చెల్లింపుకు హామీ ఇచ్చే క్లియరింగ్ సంస్థ ద్వారా పోవాలి. అలా పోనివాటికి బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలి. మీ బ్యాంకు అడిగిన నంబరు ఆ నమోదు కోసమే. మన దగ్గర ఆ పుస్తకం సీసీఐఎల్ ఉంచుతుంది. మీ రేటు మీ పోటీదారుకు తెలుస్తుందని భయపడకండి, బయటికి వచ్చేది మొత్తాల లెక్కలే.

ఇందులో మీకూ లాభం ఉంది. మీలాంటి చిన్న కస్టమర్లను నిబంధనలు ‘రిటైల్’ కింద చూస్తాయి. కాంట్రాక్టు రాసే ముందు బ్యాంకు మీకు మిడ్ మార్కెట్ ధర (మార్కెట్లో కొనే ధరకూ అమ్మే ధరకూ సరిగ్గా మధ్యది) చెప్పాలి, దాన్ని టర్మ్ షీట్‌లో రాయాలి. దానికీ మీకిచ్చిన రేటుకీ మధ్య తేడాయే బ్యాంకు మీ దగ్గర తీసుకునేది. మొహమాటపడకుండా అడగండి. షిప్‌మెంట్ ఎంతో అంతకే బుక్ చేయండి. ఫార్వర్డ్ కాకుండా ఇంకేదో పేరున్న కాగితం ముందు పెడితే, ఇంటికి తెచ్చుకుని నాన్నగారితో కూర్చుని చదివాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: ఎంబీఏ చదువుతున్నాను. అన్ని కాంట్రాక్టులూ ఒక్క క్లియరింగ్ సంస్థ నెత్తిన పెడితే, అదే కూలితే ఏమిటి గతి?
– ఒక విద్యార్థి, వరంగల్

మంచి అనుమానం. రిస్కు మాయం కాదు, ఒకచోట చేరుతుంది. అందుకే ఆ ఒక్కచోట కాపలా గట్టిగా ఉండాలి. అది పనిచేస్తుందనడానికి లీమన్ ఉదంతమే చూడండి. లండన్‌లోని ఎల్‌సీహెచ్ అనే క్లియరింగ్ సంస్థ దగ్గర లీమన్‌కు 9 లక్షల కోట్ల డాలర్ల వడ్డీ స్వాప్‌లు (ఒక రకం వడ్డీకి బదులు ఇంకో రకం వడ్డీ మార్చుకునే ఒప్పందాలు) ఉన్నాయి. అవన్నీ కొన్ని వారాల్లో సర్దేశారు. లీమన్ ముందే కట్టిన మార్జిన్‌లో, అంటే హామీ సొమ్ములో, సుమారు మూడో వంతు ఖర్చయింది. మిగతా సభ్యుల సొమ్ము ముట్టుకోలేదు. క్లియరింగ్‌కు రాని లీమన్ కాంట్రాక్టుల లెక్కలు తేలడానికి ఏళ్లు పట్టింది. తేడా అంతా రోజూ మార్జిన్ వసూలు చేయడంలో ఉంది.

నాకు ఎక్కువ దిగులు ఇంకా పుస్తకానికి ఎక్కనివాటి గురించే. 2021 మార్చిలో ఆర్కెగోస్ అనే ఒక కుటుంబ పెట్టుబడి సంస్థ ఎన్నో బ్యాంకులతో షేర్ల స్వాప్‌లు (షేర్లు తన పేరున కొనకుండానే వాటి ధర మీద లాభనష్టాలు తీసుకునే ఒప్పందాలు) రాసుకుని కూలిపోయింది. ఒక్క క్రెడిట్ స్విస్ అనే స్విట్జర్లాండ్ బ్యాంకుకే సుమారు 550 కోట్ల డాలర్ల నష్టం. మళ్లీ అదే కథ, ఏ బ్యాంకుకూ పక్క బ్యాంకు సంగతి తెలియదు. అమెరికాలో ఆ రకం స్వాప్‌లను రిపోర్టు చేయాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది ఆ నవంబరులో. అలా రిపోర్టు చేయాలన్న చట్టం 2010లోనే వచ్చింది, అప్పటికి పదకొండేళ్లయింది. పరీక్షలో రాసే అవకాశముంటే ఈ ఆలస్యం గురించి రాయండి.

ప్రశ్న: నేను నిఫ్టీ ఆప్షన్లు చేస్తుంటాను. అవి కూడా ఓటీసీనేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

కాదు. మీ బ్రోకరు ఆర్డరు ఎన్ఎస్ఈకి పంపుతాడు, ధర అందరికీ తెరమీద కనిపిస్తుంది, మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ హామీ ఉంటుంది. నష్టం రావచ్చు, కానీ గెలిచిన సొమ్ము ఎగ్గొట్టరు. ఎవరైనా ‘పన్నుండదు, మార్జిన్ తక్కువ, మన పుస్తకంలోనే రాసుకుందాం’ అంటే అది డబ్బా ట్రేడింగ్, చట్ట విరుద్ధం. ఫోన్ యాప్‌లో విదేశీ కరెన్సీ ట్రేడింగ్ చేయిస్తామంటే, డబ్బు పంపే ముందు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో అలర్ట్ లిస్ట్, అంటే అనుమతి లేనివాళ్ల పేర్ల జాబితా చూడండి. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉందని కాదు. అనుమతి ఉన్నవాళ్ల జాబితా కూడా అక్కడే ఉంటుంది.