స్పీకర్ ఉబ్బింది, రేడియో ఆగింది: మీ బ్యాటరీ సందేహాలు

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. నా బ్లూటూత్ స్పీకర్ అడుగున ప్లాస్టిక్ పైకి లేస్తాంటే విప్పి చూసినా, లోపల వెండి రంగు కవర్ బ్యాటరీ పూరీ మాదిరి ఉబ్బింది. పాట మాత్రం ఇంకా వస్తాంది. షాపాయన సూదితో గాలి తీసేస్తే సరిపోతాది అంటాండాడు. నిజమేనా? కొత్తది తెప్పించి నేనే మార్చుకోవచ్చా? దీనికి వైర్లు మూడున్నాయి.

జవాబు: ఆ సూది మాట వినొద్దు తమ్ముడూ, దండం పెడతా. లోపలుండేది మామూలు గాలి కాదు, సెల్ లోపలి ద్రవం చెడిపోయి పుట్టిన గ్యాస్, అది మండుతుంది కూడా. సూది గుచ్చితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి అక్కడికక్కడే మంట లేవొచ్చు. పాట వస్తాంది కదా అని ఇంకొక్కసారి కూడా ఛార్జింగ్ పెట్టొద్దు.

తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, అడుగున గమ్ టేప్ ఉంటుంది, పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా లేపు. కనెక్టర్ లేకుండా వైర్లు నేరుగా టంకం పెట్టుంటే ఎరుపూ నలుపూ ఒకేసారి కత్తెరలో పెట్టి కత్తిరించొద్దు, కత్తెర ఇనుమే రెండింటినీ కలిపి షార్ట్ చేస్తుంది. ఒకటి కత్తిరించి, కొసకు టేప్ చుట్టి, ఆ తర్వాతే రెండోది. బయటికొచ్చిన బ్యాటరీని ఇసుక పోసిన డబ్బాలో పెట్టి ఇంటి బయట, ఎండ తగలని చోట ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయ్. చెత్తబండిలో మాత్రం వేయొద్దు, బండిలో చెత్తను అదిమేటప్పుడు అది నలిగి అంటుకుంటే పాపం ఆ కార్మికులకే ప్రమాదం. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదే అని 2022లో కేంద్రం రూల్స్ కూడా తెచ్చింది.

కొత్తది కొనేముందు పాతదాని మీద నంబర్ చూడు. 103450 అని ఉంటే మందం 10 మిల్లీమీటర్లు, వెడల్పు 34, పొడవు 50 అని లెక్క. ఆ సైజే తీసుకో, ఇరుకులో కుక్కొద్దు, వయసయ్యే కొద్దీ ఏ సెల్ అయినా కాస్త లావెక్కుతుంది. ఎంత ఛార్జ్ పట్టేదీ చెప్పే ఎంఏహెచ్ నంబర్ కొంచెం అటూఇటూ అయినా పర్లేదు గానీ వోల్టేజీ మాత్రం మారకూడదు. పాతదాని మీద 3.7 అనుంటే కొత్తదీ 3.7 వోల్టులదే, అంటే ఫుల్ ఛార్జ్ అయినప్పుడు 4.2. కొన్నిటి మీద 3.8 అనుంటుంది, అవి 4.35 దాకా ఎక్కే రకం. అట్లాంటి వాటికోసం చేసిన స్పీకర్ లోపలి బోర్డుకు 3.7 సెల్ తగిలిస్తే మోతాదు మించి ఎక్కించి పాడుచేస్తుంది.

మూడో వైరు మామూలుగా వేడి చూసే సెన్సర్‌ది. బ్యాటరీ కాలుతుంటే బోర్డు ఛార్జింగ్ ఆపేది దాన్ని చూసే. రెండు వైర్ల బ్యాటరీ పెట్టి, మూడోదానికి మామూలు రెసిస్టర్ తగిలించి బోర్డును ఏమార్చేవాళ్ళున్నారు, మన కడప ఎండలకు ఆ పని అసలొద్దు, మూడు వైర్లదే వెతుక్కో. ఇంకొకటి చానా ముఖ్యం, ఆన్‌లైన్‌లో వచ్చే బ్యాటరీల కనెక్టర్ సరిగ్గా దూరుతుంది గానీ లోపల ప్లస్ మైనస్ తారుమారుగా ఉండొచ్చు. గుచ్చేముందు మల్టీమీటర్ పెట్టి చూసుకో, తిరగబడి ఉంటే ఆ ఒక్క క్షణంలోనే బోర్డు పోతుంది.

ప్రశ్న: సార్, మాది కర్నూలు. మా వీధి కుర్రోళ్ళ ట్రాలీ స్పీకర్‌లో 12 వోల్టుల బరువు బ్యాటరీ ఉంది. వినాయక చవితి నిమజ్జనానికి కేసీ కెనాల్ దాకా పాడుతుంది, తీరా శ్రీరామనవమికి తీస్తే ఛార్జే ఎక్కదు. ప్రతి ఏడూ ఇదే గోల. లిథియం వేస్తే మంచిదంటున్నారు, ఆన్‌లైన్‌లో ఒక్కోటి 9900 ఎంఏహెచ్ సెల్స్ చవగ్గా ఉన్నాయి, మూడు కలిపి వేసేదా?

జవాబు: ముందు పాతది ఎందుకు పోతాందో చూద్దాం. అది లెడ్ యాసిడ్, ఖాళీగా వదిలేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా లేవదు. నిమజ్జనం రాత్రి అలిసిపోయి అట్లాగే మూలన పెట్టేస్తున్నారు కదా, జరిగేది అదే. మరుసటి రోజే ఫుల్ ఛార్జ్ పెట్టి, నెలకోసారి ఎక్కిస్తుంటే దాంతోనే కొన్నేళ్ళు నడుస్తుంది, కొత్త ఖర్చే అక్కర్లేదు.

లిథియమే కావాలంటే ఆ 9900 జోలికి పోవద్దండీ. అట్లా అమ్మేవి మామూలుగా 18650 అనే గుండ్రటి సెల్స్, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, ఆ డబ్బాలో పేరున్న కంపెనీలే కష్టపడి 3500 దగ్గర పట్టించగలిగాయి. 9900 అని రాసుంటే అది రాత మాత్రమే, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, అసలు సెల్ 45 గ్రాముల పైన తూగుతుంది, నకిలీలు చానా తేలిగ్గా ఉంటాయి.

అసలు తంటా ఛార్జర్‌ది. మామూలు లిథియం సెల్స్ మూడు వరసగా కలిపితే 12.6 వోల్టుల దగ్గర ఆగాలి, మీ స్పీకర్ బోర్డేమో లెడ్ యాసిడ్ కోసం చేసింది, 14 దాకా తోస్తుంది. మధ్యలో సెల్స్‌ను కాపాడే బీఎంఎస్ బోర్డు ఉందిలే అనుకోవద్దు, ఆ బోర్డు ఆఖరి కాపలా మాత్రమే, రోజూ ఛార్జింగ్ ఆపే పని దానికి అప్పజెప్పకూడదు. అది ఫెయిలైన రోజు స్పీకర్ చుట్టూ ఉండేది పిల్లోళ్ళే. దీనికి కుదిరేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఒక్కో సెల్ 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8, ఫుల్ అంటే 14.6. అంటే మీ పాత ఛార్జర్‌కు దగ్గరగా వస్తుంది, పైగా వేడికి తట్టుకునేది కూడా ఈ రకమే. బీఎంఎస్ లోపలే ఉన్న రెడీమేడ్ ప్యాక్ తీసుకోండి, స్పీకర్ ఫుల్ సౌండ్‌లో లాగే ఆంపియర్లకు ఆ బీఎంఎస్ సరిపోతుందో లేదో అడగండి. మీ ఛార్జర్ ఎన్ని వోల్టులు ఇస్తుందో ముందు మీటర్‌తో కొలిపించండి, 14.6 దాటితే అదీ మార్చాల్సిందే.

ప్రశ్న: కొత్త స్పీకర్‌కు టైప్ సీ పిన్ ఉంది గానీ నా ఫోన్ ఛార్జర్‌తో ఎక్కడం లేదు, పాత ఛార్జర్‌తో ఎక్కుతాంది. పెద్ద వాట్ల ఛార్జర్ పెడితే కాలిపోతుందా? – అనంతపురం పాఠకురాలు

జవాబు: కాలిపోదమ్మా, పెద్ద ఛార్జర్ కూడా ముందు 5 వోల్టులే ఇస్తుంది, అవతలి వస్తువు అడిగితేనే పెంచుతుంది, కరెంటు కూడా స్పీకర్ తనకు కావాల్సినంతే లాక్కుంటుంది. ఎక్కకపోవడానికి కారణం వేరే. రెండు కొసలా టైప్ సీ ఉన్న కేబుల్ వాడేటప్పుడు, అవతల వస్తువు ఉందని ఛార్జర్‌కు చెప్పేకి స్పీకర్ లోపల రెండు చిన్న రెసిస్టర్లు ఉండాలి. చవక స్పీకర్లలో అవి వేయకుండా డబ్బు మిగుల్చుకుంటారు, నాకైతే ఈ కక్కుర్తి చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒక కొస పాత వెడల్పు యూఎస్బీ ఉన్న కేబుల్ వాడు, ఎక్కుతుంది.

ప్రశ్న: మా జేజినాయన శెనక్కాయ చేనుకాడికి పోతే చిన్న రేడియో వెంట ఉండాల్సిందే, కడప ఆకాశవాణి లేనిది ఆయనకు పొద్దుపోదు. దాంట్లో పాత నోకియా ఫోన్లలో ఉండే బీఎల్-5సీ బ్యాటరీ. ఎండాకాలం వచ్చిందంటే కొత్త బ్యాటరీ కూడా తొందరగా పోతాంది. – పులివెందుల పాఠకుడు

జవాబు: ఛార్జర్ కంటే ముందు ఎండను అనుమానించు నాయనా. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదు, గట్టు మీద ఎండలో పడున్న రేడియో లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. చేన్లో ఉన్నంతసేపు చెట్టు నీడన పెట్టుకోమను, ఇంటికొచ్చినాక వెంటనే ప్లగ్ పెట్టకుండా గంటసేపు చల్లారనీ. బీఎల్-5సీ వెయ్యి ఎంఏహెచ్ దగ్గర ఉండే చిన్న బ్యాటరీ, చవక రేడియోల్లో ఛార్జింగ్ బోర్డు ఎక్కువ కరెంటు తోస్తే ఇంకా కాలుతుంది. ఎక్కేటప్పుడు చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఆ రేడియోలో ఛార్జింగ్ మానేసి, ఈ సైజుకు దొరికే విడి ఛార్జర్ తెచ్చుకో. ఫుల్ అయినాక మీటర్‌లో 4.2 వోల్టులు దాటకూడదు, దాటితే ఆ ఛార్జర్ కూడా పక్కన పడేయ్. వానాకాలం రేడియో వాడకపోతే బ్యాటరీని సగం ఛార్జ్‌తో బయటికి తీసి, గూట్లో చల్లగా ఉండేచోట పెట్టు.