లంబసింగి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి అత్త దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆఫీసు వాళ్ళతో లంబసింగి వెళ్తున్నావట, ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ఒక్కదానివే ముప్ఫై కిలోమీటర్లు పరిగెడతానంటున్నావట. "అచ్చం నీ పోలికే వదినా" అని దెప్పింది కూడా. పైకి నవ్వేశాను గానీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ కునుకు పట్టలేదు. గర్వం లేదనుకోకు. నలభై రెండేళ్ళకి మొదలుపెట్టిన దాన్ని నేను, విశాఖ బీచ్ రోడ్డులో ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తడానికి ఏడాది పట్టింది. నువ్వు ఇరవై ఆరేళ్ళకే ముంబై మారథాన్‌కి పేరిచ్చావు. పక్కింటి వాళ్ళందరికీ చెప్పేశాను.

కొత్త షూ వేసుకోకు. ముందురోజు రాత్రి బిర్యానీ జోలికి పోకు. దాహం వెయ్యకపోయినా నీళ్ళు తాగు, చలిలో దాహం తెలీదు గానీ చెమట పోతూనే ఉంటుంది. చెవులు కప్పుకో. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది.

2017 డిసెంబర్ మొదటి వారం. మీ మావయ్య ఆఫీసు పని మీద అరకు వెళ్తుంటే నేనూ తోకలా వెళ్ళాను. మర్నాడు ఐదింటికి, ఆయన గురక పెడుతుండగా, చీటీ కూడా రాసి పెట్టకుండా లాడ్జి మెట్లు దిగాను. ఒంటి మీద లోపల కాటన్ బనీను, పైన మందపాటి కాటన్ స్వెట్‌షర్టు. చలికి మందం ఉంటే చాలనుకునే రోజులవి. అనంతగిరి వైపు రోడ్డు పట్టాను. అంతా ఎత్తే. ఎక్కుతుంటే ఒళ్ళు కాగిపోయింది, చలి ఏ మూలకీ ఆనలేదు. పది కిలోమీటర్లు అయ్యేసరికి బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంది. అదే గొప్ప అనుకున్నాను.

అక్కడ తెల్లారింది. రోడ్డు పక్కన వలిసె పూలు, కింద లోయ నిండా మంచు. ఫోటోలు తీస్తూ, చూస్తూ, ఇరవై నిమిషాలు నిలబడిపోయాను. బుజ్జీ, నేను చేసిన తప్పు పరిగెత్తడం కాదు, ఆగడం. పరిగెత్తినంతసేపూ ఒళ్ళే పొయ్యి. ఆగితే పొయ్యి ఆరిపోతుంది, తడి కాటన్ మాత్రం ఒంటికి అంటుకుని ఉన్న వేడిని లాగేస్తూ ఉంటుంది. పైగా తిరుగుదారి అంతా దిగుడు. కాళ్ళకి కష్టం లేదు కాబట్టి వేడి పుట్టదు, ఎదురుగాలి మాత్రం కొడుతుంది. రెండు కిలోమీటర్లు దిగేసరికి దవడలు కొట్టుకోవడం మొదలైంది. షూ లేసు ఊడితే వంగి కట్టుకోబోయాను. వేళ్ళు నావి కావు. రెండు కొసలూ కనిపిస్తున్నాయి, పట్టుకుంటున్నాననే అనుకుంటున్నాను, ముడి పడదు. మూడుసార్లు చూసి, లేసు షూలోకి దోపేసి నడిచాను. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి చెయ్యాలి, ఏ రోడ్డని చెప్పాలి?

మలుపులో ఒక గుడిసె ముందు ఒకావిడ చలిమంట వేసుకుని కూర్చుంది. నన్ను చూసి లేచి, రెక్క పట్టుకుని లోపలికి లాగి, తడి బట్టలు తీయించి, తన దుప్పటి చుట్టింది. ఆవిడ మాట్లాడింది ఆదివాసీ ఒరియా, నాకు ముక్క అర్థం కాలేదు. తిడుతోందని మాత్రం అర్థమైంది. గ్లాసు పట్టుకోలేకపోతే డికాషన్ టీ తనే తాగించింది. గంట తర్వాత కూరగాయల ఆటో ఎక్కించి పంపింది. లాడ్జి దగ్గర మీ మావయ్య లుంగీతో రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అది ఇంకా బాధ. ఈ సంగతి మీ నాన్నకి ఇప్పటికీ తెలీదు, నువ్వూ చెప్పకు.

నువ్వెళ్ళేది అంతకంటే చలి ఊరు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట ఉన్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని చెబుతారు. కొన్నేళ్ళు సున్నా దగ్గరికి దిగుతుంది. చల్లగాలి బరువు కదా, రాత్రంతా కొండల మీంచి జారి నీళ్ళలాగా పల్లంలో చేరుతుంది. అన్నిటికంటే చలి అర్ధరాత్రి కాదు, సూర్యుడు వచ్చే వేళకి. ఎండ పొడ కనబడిందని జాకెట్ విప్పేయకు.

నాలుగున్నర మాట మర్చిపో. శని, ఆదివారాలు దగ్గర్లోని చెరువులవేనం కొండ మీంచి మబ్బులు చూడాలని చీకటి ఉండగానే కార్లు ఎక్కుతుంటాయి. రాత్రంతా నిద్ర లేని డ్రైవర్లు, పొగమంచు, ఘాట్ రోడ్డు. నీ తలకి కట్టుకున్న టార్చి వెలుగు మంచుకి కొట్టి నీ కళ్ళలోకే తిరిగొస్తుంది, దాన్ని నడుం దగ్గర పట్టుకోవాలి. అసలు చీకట్లో వెళ్ళకపోతే ఆ గొడవే లేదు. ఆరున్నర దాటాక బయల్దేరు. ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన పరిగెత్తు.

దూరం పోకు. లాడ్జి ముందు నుంచి మూడు కిలోమీటర్లలోపే అటూ ఇటూ తిరుగు. విసుగే, కాదనను. కానీ ప్రతిసారీ లాడ్జి తగులుతుంది, అక్కడ పొడి బట్టలుంటాయి. సగంలో లోపలి చొక్కా మార్చుకో. కాటన్ వద్దే వద్దు. ఎత్తుపల్లాల మీద ముప్ఫై అనే లెక్క పెట్టుకోకు, మూడు గంటలైతే చాలించు. ముంబైకి ఇంకా మూడు వారాలుంది, మోకాలు అక్కడికి కావాలి. వేళ్ళు మొద్దుబారి జిప్పు లాగలేకపోతే అదే గుర్తు, ఆ నిమిషమే లోపలికి పో. పౌరుషం అక్కడ చూపించకు తల్లీ.

వెళ్ళేముందు గది తలుపు కొట్టి ఒకరికైనా చెప్పు. ఎటు వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో. నిద్ర చెడగొట్టానని మొహమాటపడకు. సిగ్నల్ ఉంటే నాకూ ఓ మెసేజ్ పెట్టు, ఎలాగూ నేను లేచే ఉంటాను.

నా మెరూన్ విండ్‌చీటర్ మీ తమ్ముడితో పంపుతున్నాను. చేతులు కాస్త పొడుగు, మడుచుకో. కుడి జేబులో అల్లం మురబ్బా పెట్టాను. ఎడమ జేబు జిప్పు పాడైంది, అందులో ఫోన్ పెట్టకు.

మీ అత్త