రంగం కవరు కొనేముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. నెమలి ముద్ర కొట్టిన బర్మా స్టాంపు, రంగూన్ (మన పెద్దవాళ్ళు రంగం అనేది దీన్నే) సీలు, 1942 జూన్ తారీఖు, కింద మన విశాఖ వన్ టౌన్ అడ్రసు. 40 వేలు చెబుతున్నాడని, ఇంకెవరో కూడా అడుగుతున్నారని తొందరపెడుతున్నాడని రాశావు. అడ్వాన్సు ఇచ్చి ఉండవనే అనుకుంటున్నాను. ఇవ్వకు కూడా.

స్టాంపు సంగతి కాసేపు పక్కన పెట్టు. అసలు ఆ ఉత్తరం మన ఊరికి ఎలా వచ్చి ఉంటుందో ఆలోచించావా? 1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లోకి దిగింది. ఆ రోజు నుంచి అటు వైపు శత్రువు చేతిలో ఉంది, మన వైపు బ్రిటిష్ వాళ్ళ పాలన. మధ్యలో ఓడా లేదు, టపా లేదు. యుద్ధఖైదీల ఉత్తరాలు, రెడ్‌క్రాస్ వాళ్ళ పాతిక మాటల సందేశాల లాంటివి తప్ప మామూలు ఉత్తరం దాటే దారే లేదు. మరి జూన్‌లో రంగూన్‌లో పోస్టు చేసిన కవరుని వన్ టౌన్‌లో బట్వాడా చేసిందెవరు? పైగా నెమలి స్టాంపులు ప్రధానంగా ఐరావతి డెల్టాలోని మ్యౌంగ్‌మ్య, ప్యాపోన్, హెంజాడా లాంటి ఊళ్ళవి. స్టాంపు అసలుదే కావచ్చు, కవరు కూడా పాతదే కావచ్చు. ఆ రెండూ కలిసి బంగాళాఖాతం దాటాయంటే మాత్రం నేను నమ్మను.

యుద్ధకాలపు కవరు ఏది చేతికొచ్చినా క్యాటలాగు తెరవకముందే నువ్వు చేయాల్సింది ఇదే. ఎక్కడ బయల్దేరింది, ఏ దారిన వచ్చింది, దారిలో ఎవరెవరు ముద్ర కొట్టాలి, కొట్టారా లేదా చూడు. ఫొటోలో అతను ముందు వైపే చూపించాడు. మన తపాలా వాళ్ళు ఆ రోజుల్లో వెనక వైపు బట్వాడా ముద్ర వేసేవాళ్ళు. దాని మీద ఊరి పేరు వైజాగపటం అని ఇంగ్లీషులో ఉండాలి. 1942 సీలు మీద విశాఖపట్నం అని పూర్తిగా కనిపించిందంటే అది ఈ మధ్య ఎవరో చేయించిన రబ్బరు స్టాంపు అనుకో. శ్రీకాకుళం అడ్రసులైతే చికాకోల్, వైజాగపటం జిల్లా అని ఉంటాయి. 1950లో వేరు చేసేదాకా అది మన జిల్లాయే కదా.

ఇక ప్రొవిజనల్స్, అంటే తాత్కాలికంగా సర్దుకున్న స్టాంపులు. పాలన తిరగబడింది, కొత్త స్టాంపులు అచ్చు కాలేదు, టపా మాత్రం నడవాలి. అప్పుడు చేతిలో ఉన్నదానితోనే ఏదో ఒకటి చేసి నెట్టుకొస్తారు. జర్మన్ల చేతిలో ఉన్న, ఇంగ్లిష్ ఛానల్‌లోని గెర్న్‌సీ దీవిలో 1940 డిసెంబరులో ఒక పెన్నీ స్టాంపులు కరువైతే రెండు పెన్నీల స్టాంపుని ఐమూలగా కోసి సగం సగంగా వాడుకోనిచ్చారు. బర్మాలో కథ ఇంకా రంజుగా ఉంటుంది. జపాన్ వాళ్ళ వెంట వచ్చిన బర్మా ఇండిపెండెన్స్ ఆర్మీ వాళ్ళు 1942 వేసవిలో డెల్టాలో టపా మొదలుపెట్టారు. ఉన్నవేమో కింగ్ జార్జ్ బొమ్మ స్టాంపులు. రాజు ముఖం మీదే నెమలి బొమ్మ అచ్చేశారు. ఆ జూన్‌లోనే జపాన్ పాలనలోని తపాలా పెద్ద, యానో అనే ఆయన, తన సొంత సీలునే స్టాంపు మీద బొమ్మగా పెట్టేశాడు. అధికారి ముద్రే స్టాంపైపోవడం నాకు భలే నచ్చుతుంది. తర్వాత పొలం దున్నుతున్న రైతు బొమ్మ, ఆపైన జపాన్ స్టాంపుల మీద అణాల ముద్ర, అక్టోబరు వచ్చేసరికి అణాలు కూడా పోయి సెంట్లు. ఒక్క ఏడాదిలోనే ఇన్ని మార్పులు. అందుకే కవరు మీద తారీఖు, స్టాంపు, వెల మూడూ ఒకదానికొకటి పొసగాలి.

నెమలిలో దొంగవి ఎందుకు ఎక్కువంటే, అడుగున ఉన్న జార్జ్ స్టాంపు అసలుదే, చవగ్గా దొరుకుతుంది. నెమలి ఒక్కటి అచ్చేసుకుంటే చాలు, వంద రూపాయల సరుకు వేలకి పోతుంది. పది రెట్లు పెద్దగా చూపే లెన్సు ఒకటి కొనుక్కో. గదిలో లైటు తీసేసి, టార్చి పక్క నుంచి వాలుగా పట్టి, నెమలి తోక గీత పోస్టుమార్కు వలయాన్ని దాటే చోట చూడు. ముందు నెమలి అచ్చయింది, తర్వాత పోస్టాఫీసులో సీలు పడింది. కాబట్టి సీలు సిరా పైన ఉండాలి. సీలు గీత వచ్చి నెమలి తోక కిందికి దూరిపోయినట్టుంటే, ఎప్పుడో వాడేసిన స్టాంపు మీద తర్వాత నెమలి వాలిందన్నమాట. రెండూ నల్ల సిరాలైతే తిన్నగా పడే వెలుతురులో ఈ తేడా తెలియదు, ఓపిగ్గా టార్చి తిప్పుతూ చూడాలి. కొన్నిటి మీద నెమలి కింద 1940 తారీఖు కూడా కనిపిస్తుంది. అంత బద్ధకంగా చేసేవాళ్ళూ ఉన్నారు. నోట్లు చూసే యూవీ లైటు పెట్టినప్పుడు కాగితం తెల్లగా ధగధగలాడితే అదీ అనుమానమే. కాగితానికి ఆ మెరుపు ఇచ్చే రసాయనాలు యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి.

పెద్ద మొత్తం పెట్టేటప్పుడు లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ నిపుణుల కమిటీ లాంటి చోటికి పంపి సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. అది తేడాగా వస్తే డబ్బు వెనక్కి ఇస్తానని అమ్మేవాడి చేత ముందే రాయించుకో. రాయనన్నవాడికి దణ్ణం పెట్టి వచ్చెయ్.

ఆ 40 వేలు ఏం చేయాలంటావా? నన్నడిగితే నెమలి జోలికే పోకు. మన ప్రాంతం వాళ్ళు తరతరాలుగా రంగం వెళ్ళి రేవులో, రైసు మిల్లుల్లో పనిచేసి ఇళ్ళకు ఉత్తరాలు రాశారు. 1937 మార్చి 31 దాకా బర్మా మన దేశంలో ముక్కే, వాడింది మన స్టాంపులే. ఆ మర్నాటి నుంచి అవే స్టాంపుల మీద బర్మా అని అచ్చేశారు, 1938లో వాళ్ళ సొంతవి వచ్చాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అప్పటి నుంచి ఫిబ్రవరి దాకా అక్కణ్ణుంచి వచ్చిన ఉత్తరాలున్నాయే, వాటి కోసం తిరుగు. వాటి మీద స్టాంపు విడిగా అయితే కొద్ది రూపాయలు కూడా చేయదు. కానీ సెన్సారు ముద్ర, మన బట్వాడా ముద్ర, రెండు ఊళ్ళ తారీఖులతో నిండు కవరు దొరికితే అది దొరికినట్టే. ఇక్కడి నుంచి రంగం రాస్తే సర్వీసు ఆగిపోయిందని వెనక్కి వచ్చిన ఉత్తరాలు ఇంకా అరుదు. 1942 ఏప్రిల్ 6న మన హార్బరు మీద బాంబులు పడి ఊరు ఖాళీ అయిపోయింది కదా, ఆ వారాల్లో వైజాగపటం అడ్రసు కొట్టేసి ఏ పల్లెకో మళ్ళించిన కవరు కనిపిస్తే బేరం కూడా ఆడకు. 1945లో బ్రిటిష్ వాళ్ళు తిరిగొచ్చాక మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ అని అచ్చేసినవి మాత్రం కుప్పలు. విడి స్టాంపులకి డబ్బు తగలెయ్యకు.

ఏది దొరికినా స్టాంపు ఊడదీయకు. నీళ్ళలో నానబెట్టకు. చిరిగిందని సెలోటేపు, బాగుందని ల్యామినేషన్ అసలే వద్దు. మన సముద్రపు గాలికి జిగురు ఊరికే ఉబ్బుతుంది, కాగితం మీద తుప్పు రంగు మచ్చలు లేస్తాయి. పాలిస్టర్ కవర్లలో పెట్టు, పీవీసీ వద్దు. ఆల్బమ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టు, సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మారుస్తూ ఉండు. కలరా ఉండలు వేశావంటే ప్లాస్టిక్కే పాడవుతుంది. అటక మీద, బీరువా అడుగు అరలో పెట్టొద్దని హుద్‌హుద్ చూసిన నీకు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. ఇలాంటివి ఆన్‌లైన్‌లో కన్నా ఇళ్ళల్లోనే ఎక్కువ. భీమిలి వైపు, శ్రీకాకుళం వైపు పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో రంగం వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పెద్దవాళ్ళని అడుగు. 1960ల్లో బర్మా నుంచి వచ్చేసినవాళ్ళ కుటుంబాలు మన బర్మా క్యాంపులోనే ఉన్నాయి. వెళ్ళగానే స్టాంపులు కొంటానని మాత్రం అనకు. అంటే లక్షలొస్తాయనుకుంటారు, లేదా కవరు పారేసి స్టాంపు కత్తిరించి ఇస్తారు. ఉత్తరం చదివి వినిపించమని అడుగు, ఎవరు ఎవరికి రాశారో రాసుకో. ఇస్తామంటే న్యాయమైన ధర చెప్పి కొను. మా తాత చేతిరాత, ఇవ్వం అంటే రెండు వైపులా ఫొటో తీసుకుని, ఒక పాలిస్టర్ కవరు నువ్వే ఇచ్చిరా.

నీ మావయ్య